పేరడిగిన ఊరు

“ఓ సాకు చూపిస్తవా? ఒక్కటేంది కొడుకా, పొద్దటిసంది నాలుగు చూపిస్తివి!” అంది దుర్గమ్మ.

“సాకు గాదే అవ్వా, ఒసాకా! జపాన్ల నేనుండొచ్చిన ఊరు. దాని బొమ్మలు చూపిస్త, జర కూసోమంటున్న.”

“ఊరి పేరే సాకు. ఆడికి పోయొచ్చినోడు నిజం చెప్తడా?” అని దుర్గమ్మ తమ్ముడి వైపు చూసింది.

తమ్ముడు కట్టయ్య అక్క కబురందుకుని రేగొండ నుంచి తెల్లవారే దిగాడు. మేనల్లుడు వెంకట్రాంను రేపు గూడూరు అవతల ‘చూసేవాడి’ దగ్గరికి తీసుకుపోవాలని వచ్చాడు. చూసేవాడంటే కళ్ళ డాక్టరు కాదు. మన కళ్ళకు కనపడనివాటిని చూసేవాడు.

వెంకట్రాం రానంటున్నాడు. తనకేమీ కాలేదంటున్నాడు. కాలేదని చూపించడానికే ఈ పగటిపూట బొమ్మల మిషను బయటికి తీశాడు.

అయింది మాత్రం ఇంట్లో అందరూ విన్నారు. జపాను నుంచి వచ్చిన నాటి నుంచి ఇదే తంతు. పగటి అన్నాలై, ఇల్లు సద్దుమణిగే వేళకు అతను ఉన్నట్టుండి తలెత్తుతాడు. “ఆఁ” అంటాడు, ఎవరో పిలిచినట్టు.

ఎవరూ పిలవరు.

ఒకసారి గొంతు సవరించుకున్నానన్నాడు. ఒకసారి ఆవులింత అన్నాడు. ఇంకోసారి తమ్ముడు కొండల్ పిలిచాడనుకున్నానన్నాడు. కొండల్ ఆవేళ వరంగల్‌లో ఉన్నాడు. నిన్న సాకులు కూడా అయిపోయాయి. “ఆఁ, వస్తున్న” అని చెప్పులు తొడుక్కుని వాకిట్లోకి నడిచాడు. భార్య సుమిత్ర చేయి పట్టుకుని ఆపితే, “పిలుస్తున్నరు గద” అన్నాడు, అదేదో ఆమెకు తెలియనట్టు.

పిలిస్తే పలికేవాణ్ణి మంచివాడంటారు. పిలవకుండా పలికేవాణ్ణి ఏమంటారో చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు రావడం లేదు.

కొండల్ కిటికీలకు గొంగళ్ళు కట్టాడు. నిరుడు ప్రత్యేక రాష్ట్రానికి ‘జై’ అన్నందుకు ‘లు’ కలిపి జైలిచ్చిన సర్కారు పుణ్యమా అని, చీకటి చేసుకుని కూర్చోవడం అతనికి బాగా అలవాటు. గోడకు తెల్ల ధోవతి బిగించారు. జనగామలో కరెంటు అతిథి లాంటిది. తిథి కుదిరితేనే వస్తుంది. ఆరోజు కుదిరింది.

మిషను గుర్రుమంది. గోడ మీద కోట లేచింది.

“గిది ఒసాకా కోట. ఆ ఊరికి పోయినోళ్ళు ముందుగాల చూసేది గిదే. లోపట లిఫ్టున్నది.”

“కోటకు లిఫ్టా? గా రాజు మోకాళ్ళ నొప్పులోడా?” అన్నాడు కట్టయ్య.

“పాతది కాలిపోతే మళ్ల సిమెంటుతోని కట్టిండ్రు మామా.”

“అంటే కొత్త పాతకోట. మా వోరుగంటి కోట పాత పాతకోట. నయం, కూలినా గద్దెక్కినోళ్ళ లెక్క వేషం మార్చలే.”

నవ్వారు. కొండల్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. దుర్గమ్మ నవ్వలేదు. ఆమె గోడ చూడడం లేదు, కొడుకు మెడ చూస్తోంది. ఎప్పుడు లేస్తుందా అని.

సుమిత్ర వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. అత్త కూర్చున్న చాప మీద ఆమె కూర్చోదు. ఈ ఇద్దరికీ మాటలు లేక ఆరు నెలలు దాటింది. మాట లేదు గానీ మాట పట్టింపు ఉంది. వెంకట్రాంను పంపుల కంపెనీ జపానుకు పంపిన వారంలోనే సుమిత్ర పెట్టెలోంచి ఒక పసికుల్ల, చెవుల దాకా దిగే పిల్లల టోపీ, మాయమైంది. నిరుడు బందుల కాలంలో, వరంగల్ దవాఖానకు బస్సు దొరకక, తొట్టెలెయ్యకముందే కన్నుమూసిన పిల్లవాడి కుల్ల. అత్తే కాలబెట్టిందని కోడలు నమ్మింది. కాలబెట్టలేదని అత్త ఒక్కసారి చెప్పింది. రెండోసారి చెప్పడం తన పరువుకు తక్కువనుకుంది.

కాలబెట్టిందనుకోవడానికి కారణం లేకపోలేదు. తొట్టెలెయ్యని పిల్లవాడికి పేరుండదు. పేరు లేనివాణ్ణి తలుచుకోకూడదు, వాడి గుడ్డ ముక్క ఇంట్లో ఉంచకూడదు. అలా మూగగా పోనిస్తేనే మళ్ళీ అదే కడుపున పడతాడని దుర్గమ్మ నమ్మకం. వాడి బట్టలన్నీ ఆమే చాకలికి వేసింది. కుల్ల ఒక్కటే సుమిత్ర దాచుకుంది.

కోట పోయి వీధి వచ్చింది. వీధి నిండా దీపాలు, దీపాల కింద కాలవ, కాలవలో మళ్ళీ దీపాలు. ఒక హోటలు నెత్తిన మంచమంత ఎండ్రికాయ.

“గది కాళ్ళాడిస్తది మామా. మోటారు పెట్టిండ్రు. ఆ ఊరోళ్ళు తిండికే బతుకుతరు.”

“మనం సుత తిండికే బతుకుతం. దొరుకది, గంతే తేడా.”

తర్వాత భూమి కింద బజారు. పైన రైళ్ళు, కింద దుకాణాలు. ఎండ తెలియదు, వాన తెలియదు, పొద్దు తెలియదు. దాంట్లో దారి తప్పి ఒక పూటంతా తిరిగానని వెంకట్రాం చెప్పాడు.

“భూమి కింద తిరుగుడు మంచిది గాదు,” అంది దుర్గమ్మ. ఆమె ఆ మధ్యాహ్నం గోడను చూసి అన్న మొదటి మాట అదే.

తర్వాత ఎగ్జిబిషను. లోకంలోని దేశాలన్నీ అక్కడ పందిళ్ళు వేసుకున్నాయి. మధ్యలో రెక్కలు చాపిన తెల్లటి బురుజు. దానికి పైన ఒక ముఖం, కడుపు మీద ఇంకొకటి. వీపు మీద కూడా నల్లటిది ఒకటుందని వెంకట్రాం చెప్పాడు.

“చంద్రుని మీదికెల్లి తెచ్చిన రాయి సుత పెట్టిండ్రు. దాన్ని చూడనీకి పొద్దంత లైన్ల నిలవడ్డ.”

“రాయి కోసమా?” కట్టయ్య తొడ చరుచుకున్నాడు. “మా దిక్కు రారాదుర! లైను లేదు, టికెట్టు లేదు. చంద్రుడు సుత రాత్రిపూట వచ్చి మా రాళ్ళనే చూస్తడు!”

ఈసారి పక్కింటివాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళెప్పుడు వచ్చారో, గుమ్మం నిండా నిలబడ్డారు. బొమ్మ పడితే జనం పడతారు, జనగామ కదా.

తర్వాతి బొమ్మకు నవ్వు ఆగింది.

ఒక అరుగు మీద ఆడబొమ్మ. నడుమెత్తు ఉంటుంది. తల వంచి, చీర కొంగులాంటిది పంటి కింద పట్టుకుని ఏడుస్తోంది. దాని వెనక ముగ్గురు మనుషులు. ఇద్దరికి ముఖాల మీద నల్లటి ముసుగు.

“తోలుబొమ్మలాట అసొంటిది. ఒక్క బొమ్మను ముగ్గురు ఆడిస్తరు. ఒకడు తలకాయె, కుడిచెయ్యి. ఒకడు ఎడమచెయ్యి. ఒకడు కాళ్ళు. మొదలు ముగ్గురూ కనపడుతరు. జర సేపైనంక…” వెంకట్రాం ఆగాడు. “జర సేపైనంక మనుషులు కనపడరు. బొమ్మ ఒక్కతే బతికుంటది.”

“నిన్నెవరు ఆడిస్తున్నరు?”

అడిగింది సుమిత్ర. గడప దగ్గరి నుంచి, మెల్లగా. వెంకట్రాం చేయి మిషనులో బొమ్మలు వరుసగా పేర్చిన పట్టాను గబుక్కున జరిపింది. ఆ జరపడంలో, చూపకూడదనుకుని వెనక దాచిన బొమ్మ ముందుకొచ్చింది.

రాతి పిల్లలు.

వరుసల మీద వరుసలు. మూరెడెత్తు రాళ్ళకు గుండు తలలు, మూసుకున్న కళ్ళు. వానలకు అరిగిన ముఖాలు నవ్వుతున్నాయో నిద్రపోతున్నాయో తెలియదు. ప్రతి రాయి మెడకూ పాలుతాగే పిల్లలకు కట్టినట్టు ఎర్ర గుడ్డ. కొన్నింటి ముందు గిలకలు. ఒకదాని ముందు పాలసీసా.

“తీసెయ్యి అన్నా,” అన్నాడు కొండల్.

వెంకట్రాం పట్టాను లాగాడు. అది కదల్లేదు.

సుమిత్ర గడప దిగింది. చాప మీదుగా, అత్త కాళ్ళు దాటుకుని, తిన్నగా గోడ దగ్గరికి నడిచింది. వెలుగులోకి అడుగు పెట్టగానే రాతి పిల్లలు ఆమె మీద పడ్డారు. ఒకడు భుజం మీద, ఒకడు వీపు మీద. ఆమె ఒరిగితే వాళ్ళూ ఒరిగారు. గుమ్మంలో ఎవరో పక్కకు తిరిగి ఉమ్మేశారు.

ముందు వరుస చివర ఒక రాతి పిల్లవాడికి కుల్ల ఉంది. నీలం కుల్ల. సుమిత్ర దాని చెవి దగ్గర వేలు పెట్టింది.

“నీలి దారం అయిపోతే ఈడ నల్లది పెట్టి కుట్టిన,” అంది. “నా రైక గుడ్డ. నా కొడుకు కుల్ల.”

ఆ రాతి చెంప మీద నల్లటి చుక్క కూడా ఉంది. ఒసాకాలో దిష్టి చుక్క పెట్టేవాళ్ళు ఉండరు. అక్కడికి పోయి పెట్టినవాడు ఒక్కడే ఉంటాడు.

దుర్గమ్మ గొంతు ముందు లేచింది.

“చూసినవా? అందరు చూడుండ్రి! ఆర్నెల్లసంది నా మీద ఏసె గద! కాలవెట్టిన్నంటివి. నా చేతి నీళ్ళు ముట్టకపోతివి!”

“నువ్వు కాలవెట్టలే. కాలవెట్టాలనుకున్నవ్,” అంది సుమిత్ర గోడ వైపే తిరిగి.

“అనుకున్న. అనుకుంటే పాపమా?”

“అక్కా, కుల్ల సంగతి ఖుల్లాగనే తెలిసిపోయె, ఇగ ఊకో,” అన్నాడు కట్టయ్య. మాట బాగానే పేలింది. కానీ పేలిన చప్పుడు అతనికే వినపడి తల వంచుకున్నాడు.

సుమిత్ర భర్త వైపు తిరిగింది. ముఖం మీద సగం రాయి, సగం ఆమె.

“అడగకుంట తీస్కపోయినవ్.”

“అడిగితే ఇయ్యవని.”

“ఇయ్యను. దొంగతనం చేసి రాళ్ళకు తొడుగుతవా?”

వెంకట్రాం నోరు తెరిచాడు. అన్న మాట మాత్రం ఆమెకు కాదు. మెడ మెల్లగా పక్కకు తిరిగింది. గొంగళి కట్టిన కిటికీ వైపు.

“ఆఁ,” అన్నాడు.

గుమ్మంలో వాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ వాకిట్లో పడ్డారు. కొండల్ అన్న భుజాలు పట్టుకున్నాడు. కట్టయ్య కిటికీ మీది గొంగళి లాగేశాడు. బయట ఎండ. ఎండలో ఎవరూ లేరు. వెలుగు పడగానే గోడ మీది పిల్లలు పలచబడ్డారు గానీ పూర్తిగా పోలేదు.

దుర్గమ్మ లేచి కొడుకు ముందు నిలబడింది. ఇప్పుడామె గొంతులో కొట్లాట లేదు.

“ఇగ సాకులు చెప్పకు కొడుకా. నా మీద ఒట్టు. ఆడ ఏం చేసొచ్చినవ్?”

వెంకట్రాం కూలబడ్డట్టు స్టూలు మీద కూర్చున్నాడు. చెప్పాడు. అందరికీ వినపడేటట్టే చెప్పాడు.

“నేను కిరాయికున్న ఇల్లు ఒక ముసలామెది. యుద్ధంల బాంబులు పడ్డప్పుడు ఆమె పిల్లలు ఇద్దరు పోయిండ్రట. దినాం మాపటికి గుడికి పోతది, గా రాళ్ళకాడికి. చిన్నప్పుడే పోయిన పిల్లలకు ఆ రాతిదేవుడే దిక్కంట. పైలోకం పొయ్యే ఏరు దాటలేక ఒడ్డుమీద ఆగిపోయినోళ్ళను చెంగుల దాసుకొని దాటిస్తడంట. ఒకనాడు నా పెట్టెల కుల్ల చూసింది. నాకు ఆమె మాట రాదు, ఆమెకు నా మాట రాదు. కుల్ల చూసినంక ఇద్దరికీ మాటలు అక్కరపడలే. చెయ్యి పట్టుకొని తోల్కపోయింది.”

“పోతే పోయినవ్. కుల్ల తొడిగితే తొడిగినవ్. పిలుసుడేంది మరి?” అన్నాడు కట్టయ్య.

“ఆడి అయ్యగారు కుంచె పట్టుకొని, సన్నటి చెక్క బద్ద ముందల పెట్టుకొని పేరడిగిండు. పేరంటే అర్థమైంది. మన గుళ్ళె అయ్యగారు పేరెవలిది అడుగుతడు మామా? కొబ్బరికాయ తెచ్చినోనిదే గద. ‘వెంకట్రాం’ అని చెప్పిన. గోత్రం సుత చెప్పిన. ఆయన ‘బెంకటొరాము’ అని రెండుసార్లు అనుకొని రాసిండు. దండం పెట్టుకొని వచ్చిన.”

“మంచిదే గద!” అంది దుర్గమ్మ.

“మంచిది గాదే అవ్వా.” వెంకట్రాం అరచేతులు చూసుకున్నాడు. “నేను బయలెల్లే ముందటిరోజు కంపెనీల దుబాసి అడిగిండు, ‘మీ కొడుకు పేరు సుత మీ పేరేనా?’ అని. ముసలామె చెప్పిందట. ఆడ పేరడిగేది తెచ్చినోనిది గాదు. పోయినోనిది. బద్ద మీద పోయినోళ్ళ పేరు రాస్తరు. దినాం పొద్దుగూకంగ గంట కొట్టి ఆ పేర్లు చదువుతరు. ఆడ పొద్దుగూకే యాళ్లకు మనకు పగటి అన్నాలు.”

కట్టయ్య చేతులు దండం పెట్టినట్టు వాటంతటవే కలుసుకున్నాయి.

“బతికున్నోని పేరు…” దుర్గమ్మ చాప మీద చతికిలబడింది. “బతికున్నోని పేరు పోయినోళ్ళల్ల కలిపొచ్చినవా కొడుకా! గంట కొట్టి మరీ చదువుతున్నరా!”

వాకిట్లోకి ఉరికినవాళ్ళు మళ్ళీ గుమ్మంలోకి వచ్చారు. ముందువాళ్ళు వెనకవాళ్ళకు చెప్పారు. గుడిలో పేరు చెప్పడం తప్పెలా అయిందో ఒక ముసలామెకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

కొండల్ ఒక్కడే తేలిగ్గా ఊపిరి వదిలాడు. “గింతేనా! గూడూరు ఎందుకు, చూసేటోడెందుకు? దుబాసికి ఉత్తరం రాస్తే పాయె. ఆ బద్ద తీసేసి పిల్లగాని పేరు పెట్టుమని.”

“రాస్త. ఏ పేరు పెట్టుమందును?”

అందరూ దుర్గమ్మ వైపు చూశారు.

పేరు పెడితే వాడు ఇక వచ్చిపోయిన మనిషవుతాడు. మళ్ళీ రాడు. పెట్టకపోతే కొడుకు దక్కడు. మనవడి ఆశ ఒక పక్క, కన్నకొడుకు ఒక పక్క. ఆమె మొహం మీద ఆ తూకం ఎటూ తేలక ఊగడం అందరూ చూశారు.

“పెట్టుండ్రి,” అంది చివరికి. “మీ బాపు పేరు పెట్టుండ్రి, తాత పేరు మనుమనికి.”

“వానికి పేరున్నది,” అంది సుమిత్ర.

ఆ ఒక్క ముక్క ఆమె అత్తకే చెప్పింది. ఆరు నెలల తర్వాత, ఎదురుగా, కళ్ళలోకి చూసి.

“ఎవలు పెట్టిండ్రు?”

“నేనే. తొట్టెల లేకుంటనే. ఒళ్ళె ఏసుకొని పిలుసుకున్న.”

దుర్గమ్మకు కోపం రావలసింది. రాలేదు. “ఏం పేరు బిడ్డా?” అని అడిగింది.

సుమిత్ర తల అడ్డంగా తిప్పింది.

“కుల్ల అడగకుంట పోయింది. పేరు గట్ల పోనియ్య. ఉత్తరంల పెట్టి పంపేది గాదది.” భర్త వైపు తిరిగింది. “పొద్దటిసంది కోట చూపిస్తివి, ఎండ్రికాయ చూపిస్తివి, చంద్రుని రాయి సంగతి చెప్తివి. ఆ ఊర్ల నేను చూసేది ఒక్కటే ఉన్నది. నన్ను తోల్కపో. వాని చెవుల నేనే చెప్త.”

“జపానుకా!” అన్నాడు కట్టయ్య. “వరంగల్ పోవుడే గగనమాయె. గగనంల పోవుడు ఎట్ల కుదురుతది బిడ్డా? ఎవలు పంపుతరు?”

“అందాక వీని పేరు చదువుతనే ఉంటరు గద!” దుర్గమ్మ కోడలి చేయి పట్టుకుంది. “నీ పెనిమిటి బిడ్డా. దినాం గంట కొట్టి పిలువనిస్తవా?”

సుమిత్ర ఆ చేయి విడిపించుకోలేదు. భర్త ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“ఆ అయ్యగార్లు చదివితే బద్ద మీదున్నదే చదువుతరు గద?”

“అవు.”

“మరి నీకెట్ల వినపడుతున్నది? వెంకట్రాం అనా? బెంకటొరాము అనా?”

వెంకట్రాం తల వంచుకున్నాడు. ఇప్పటిదాకా ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. పిలుస్తున్నది ఎవరని అడిగారు గానీ, ఏమని అని అడగలేదు.

“రెండూ గాదు,” అన్నాడు.

“మరి?”

“‘బాపూ’ అని.”